ఒంటి చేతి స్వెటర్

వడమాలపేట,
డిసెంబరు, 1998

చెల్లీ చౌడేశ్వరీ,

మరిది పోయి నువ్వు శ్రీకాళహస్తికి, మీ పుట్టింటికి వెళ్ళినప్పటి నుంచి నీ మిషను ముందు నేనే కూర్చుంటున్నాను. నువ్వు సగంలో వదిలేసిన రవికల కోసం ఊళ్ళో ఆడవాళ్ళు రోజూ వాకిట్లో నిలబడుతున్నారు. ఈ దుఃఖంలో నిన్ను అడగలేక, వాళ్ళకు లేదనలేక, వంట కాగానే కుడుతున్నాను. మెడ పట్టేసింది. ఎట్లాగో ఇప్పటికి రవికలన్నీ అయ్యాయి, కుట్టు నీ అంత బాగా రాలేదు.

ఆ రవికల మూట అడుగున, రేణిగుంటలో రాత్రి డ్యూటీకని మరిదికి నువ్వు అల్లుతున్న స్వెటర్ కనబడింది. ఒళ్ళంతా అయింది గానీ, చేతుల్లో ఒకటే అయింది. నాకు అల్లిక రాదు కదా, దాచిపెట్టబోతుంటే మామ చూశాడు.

"అది ఇట్లియ్యిమ్మా," అన్నాడు.

"ఇంకో చెయ్యి లేదు మామా."

"ల్యాకపోతే పోనీలే. నా కొడుక్కని అల్లింది గదా."

రోజూ పొద్దున్నే అదే తొడుక్కుని చేనికి పోతున్నాడు. చలికి ఆ వట్టి చేతిని రుద్దుకుంటూనే ఉంటాడు. ఊరు నవ్వినా విప్పడు.

నిన్న నేను ఉండబట్టలేక, పుత్తూరులో ఎవరిచేతనైనా అల్లిస్తానన్నాను. "వద్దు. ఆ బిడ్డే వచ్చి అల్లుతాది. అందాకా ఇట్లే ఉండనీ," అన్నాడు.

తొందరేమీ లేదమ్మా. నీకు రావాలనిపించిన రోజే రా.

మీ అక్క