దింపుడు కళ్లం దగ్గర బండి మోత

బచేలి,
జూన్ 9, 1991.

మిత్రుడు శ్రీరంగానికి భూషణం నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ, మన పాత అంబాసిడరూ అందరం కులాసా. జగదల్‌పూర్‌లో నువ్వూ, నీ పిల్లలూ, నీ స్పేర్‌పార్టుల దుకాణమూ చల్లగా ఉన్నారనుకుంటాను.

ఇన్నేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కవరు పక్కన పడేస్తావేమోనని ముందే చెబుతున్నా. ఇది రాజీ ఉత్తరం కాదు, సరుకు ఉత్తరం. మన బండికి క్యామ్‌షాఫ్ట్ కావాలి.

ఇప్పుడున్నది నువ్వు బిగించిందే. మనిద్దరం ఆ బండిని టాక్సీగా తిప్పిన రోజుల్లో గీదం రోడ్డు మీద కనిపించిన ప్రతి బస్సునూ దాటాలని నీకు పంతం. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా దాన్ని ఎవరిచేతో సాన పట్టించి తెచ్చావు. స్పీడు అందుకున్నాక దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. మెల్లగా పొమ్మంటే మాత్రం చేతకాదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతుంది.

ఆ బండి ఇప్పుడు టాక్సీ కాదు. నువ్వు వెళ్లిపోయాక పైన పెద్ద క్యారియర్ బిగించాను. ఇనుప గనిలో పనిచేసే మనవాళ్లలో ఒంటరివాళ్లే ఎక్కువ కదా. ఎవరైనా పోతే డ్యూటీ దిగిన నలుగురూ ఎర్ర దుమ్ము కూడా కడుక్కోకుండా వస్తారు. అలిసిన ఆ భుజాలు కొండవాలు మీది శ్మశానం దాకా పాడె మోయలేవు. అందుకని క్యారియర్ మీద కట్టుకుని తీసుకెళ్తున్నాం. నడిచేవాళ్లతో సమానంగా బండి నడవాలి. సగం దారిలో, ఆ ఏటవాలులోనే, దింపుడు కళ్లం దగ్గర ఆగాలి.

అక్కడ పాడె దించి, పోయినవాడి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. వీళ్ల అయినవాళ్లు ఎక్కడో భద్రాచలం అవతల ఉంటారు. టెలిగ్రాం అందేసరికి ఇక్కడ బూడిద కూడా చల్లారిపోతుంది. అందుకని మీ అమ్మే పిలుస్తుంది. ఆ సంగతి నీకు తెలియదు. కొడుకు జగదల్‌పూర్‌లో షావుకారైతే తల్లి బచేలిలో మెస్ పెట్టి గని కూలీలకు వండి వడ్డించడమేమిటని అలిగావు. మెస్ మూసేదాకా ఈ గడప తొక్కనని వెళ్లిపోయావు. అన్నపూర్ణమ్మకేమో తన చేతి ముద్ద తిన్నవాడు ప్రతివాడూ కొడుకే. మూడోసారి పిలిచాక కాసేపు అలాగే వంగి ఉంటుంది, నిజంగా పలుకుతాడేమోనని. ఒక్కడూ పలకలేదు. అయినా ప్రతిసారీ ఆగుతుంది. నేను స్టీరింగ్ పట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంటాను. దుఃఖం వస్తుందిరా.

శివరాత్రికి ముందు సీతారాములు పోయాడు. డ్రిల్లు మీద పనిచేసేవాడు, దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇంజన్ ఆపితే ఆ ఏటవాలులో మళ్లీ ఎత్తుకోదని భయపడి, పాడె దించాక కూడా యాక్సిలరేటర్ తొక్కే ఉంచాను. ఒకటే గోల. మీ అమ్మ లేచి వచ్చి బానెట్ మీద అరచేత్తో ఒక్కటి వేసి, ఏంది భూషణం ఈ మోత, నేను పిలిచేది వాడికి వినపడొద్దా అంది. ఆపేశాను. పాడె మళ్లీ పైకెక్కించాక నేను భయపడ్డదే అయింది. క్లచ్ వదిలితే బండి ముందుకు లాగలేక వెనక్కి జారింది, పైన పాడె ఒక పక్కకు ఒరిగింది. చక్రాల కింద రాళ్లు పెట్టి, అందరూ తోస్తే కదిలింది. బతికుండగా పడ్డ అవస్థ చాలదన్నట్టు పోయాక కూడా వాడికి నా వల్ల అవస్థే.

కార్బొరేటర్ సరిచేశాను. టైమింగ్ అటూ ఇటూ తిప్పి చూశాను. రోగం ఒకచోటుంటే మందు ఇంకోచోట రాసినట్టయింది. నీ దుకాణంలో రెండు రకాల క్యామ్‌షాఫ్టులున్నాయని బస్సు డ్రైవర్ రామారావు చెప్పాడు. ఒకటి కొత్త బండిలో వచ్చేలాంటిది. రెండోది ఘాట్లలో బరువు లాగే బళ్ల కోసం చేయించింది, ఇన్‌లెట్ వాల్వును త్వరగా మూసేది. నాకు ఆ రెండోదే కావాలి. మొదటిదే మేలని నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. మైదానంలో మేలే. స్పీడు పోతే పోనీ, పోయినవాడికి తొందరేముంది? ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగే బలం రావాలి. నిలబెట్టినప్పుడు గొంతు దించుకుని ఉండాలి. ట్యాపెట్లు కూడా కొత్తవే పంపు, పాతవి వేస్తే కొత్త క్యామ్‌ను తినేస్తాయి.

వానలు దిగేలోపు బిగించాలి. తడిస్తే ఆ ఎర్రమట్టి మీద చక్రం నిలవదు. రామారావు చేతికిచ్చి పంపితే చాలు. ఈమధ్య హోటల్ తిండి తిని నాకు ఒకటే కడుపుమంట. ఈ ఉత్తరంలో ఘాటు ఎక్కువైతే ఆ నేరం హోటల్‌వాడిదే అనుకో.

ఇట్లు,
నీ పాత భాగస్వామి
భూషణం

తా.క. కవరు అంటించబోతూ ఆగాను. పైన అందరం కులాసా అని రాసింది అబద్ధం. నేను హోటల్లో ఎందుకు తింటున్నానో ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. మెస్ మూతపడింది. నువ్వు కోరినట్టే మూతపడింది, కానీ మూసింది మీ అమ్మ కాదు, ఆమె జబ్బు. ఆస్పత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. వంటగది పక్కనే మంచం వేశాం. మెస్‌లో గిన్నెలు తోమే బుధ్రి పక్కనుంచి కదలడం లేదు. నీకు రాయొద్దని మీ అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. మొన్న నన్ను దగ్గరికి పిలిచి, బండి మోత తగ్గించినవా అని అడిగింది. ఇప్పుడు దానికేం తొందరమ్మా అన్నాను. నన్ను పిలిచేటప్పుడు నాకు వినపడాలె గదా అంది. పిలవాల్సింది ఎవరో తను చెప్పలేదు, నేనూ అడగలేదు.

క్యామ్‌షాఫ్ట్ రామారావు చేతికివ్వకు. తెస్తే నువ్వే తీసుకురా, లేదంటే దాన్ని అక్కడే వదిలేసి ఉత్తచేతులతో బస్సెక్కు. దింపుడు కళ్లం దగ్గర నీ గొంతుకు నా బండి అడ్డం రాకుండా ఎలాగో చూసుకుంటాను. కానీ అక్కడ పిలిస్తే ఇంతవరకూ ఎవరూ పలకలేదురా. ఇక్కడ మంచం పక్కన కూర్చుని పిలిస్తే అమ్మ ఇంకా పలుకుతోంది.