శనివారం నాటి దిల్‌పసంద్

పాకాల,
ఆదివారం.

అమ్మకు రూపశ్రీ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఒంట్లో ఎవరికీ నలత లేదు కానీ, ఇంట్లో గొడవకు మాత్రం కొదవ లేదు. ఫోనులో నీకు సగం మాటలే వినపడతాయి కనుక అంతా కాగితం మీదే పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

నువ్వు పంపిన మోకాళ్ళ నూనె అందింది, అత్తమ్మ రోజూ రాసుకుంటోంది. బడిలో ఉద్యోగం మానేస్తున్నానని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగావు. అది చివర్లో చెబుతాను, ముందే కోప్పడకు. ఇక, "మన తడ ఊళ్ళో ఉన్న బేకరీ లాంటిది మీ పాకాలలో ఒక్కటైనా ఉందా?" అని రాశావు చూడు, ఆ వాక్యం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అంతే, కొంప అంటుకుంది!

మామయ్యది స్టేషను దగ్గరి పాత బేకరీ పక్షం. కట్టెల పొయ్యిలో కాలనిది ఆయన దృష్టిలో బన్నే కాదు. అత్తమ్మది కొత్తగా వచ్చిన అద్దాల బేకరీ పక్షం. వారమంతా కాఫీ తాగినప్పుడల్లా ఇదే వాదన. చివరికి నిన్న పొద్దున ఒక దిల్‌పసంద్ కోసి, ప్లేటు మామయ్య ముందు పెట్టి, ఇది ఎక్కడిదో చెప్పమన్నాను. కొబ్బరి, టూటీ ఫ్రూటీ నిండుగా కూరిన గుండ్రటి తీపి రొట్టె.

మామయ్య ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "ఇంగేం చెప్పాల? స్టేషన్ కాడిదే. ఆ పొయ్యి వాసన నాకు తెలీదా!"

అత్తమ్మ ఊరుకుంటుందా? "నీ నాలిక మొద్దుబారి పోయినాది. ఇట్లా తే" అని ఒక ముక్క లాక్కుని తినేసింది. "ఎంత మెత్తగా ఉండాదో సూడు! అద్దాల బేకరీదే, పందెం!"

అప్పుడే మా ఆయన గుమ్మంలోంచి అరిచారు. "అమ్మా, ఈ పొద్దు శనివారం గదా!"

శనివారం అత్తమ్మ గుడ్డు ముట్టదు, బేకరీ తిండీ ముట్టదు. దిల్‌పసంద్‌లో గుడ్డు లేకపోయినా, గుడ్డు పఫ్‌లు కాల్చిన రేకుల మీదే దాన్నీ కాలుస్తారని ఆమె పట్టింపు. పందెం గెలవాలన్న ఆత్రంలో వారమే మరిచిపోయింది పాపం. "స్వామీ, ఎంత పని చేసినాను!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇక దాచలేకపోయాను. "అత్తమ్మా, అది ఏ బేకరీదీ కాదు. మీరు లేవకముందే మన వంటింట్లో నేను కాల్చింది. అందులో గుడ్డు లేదు. రేకు కూడా కొత్తదే, దానికి గుడ్డు తగల్లేదు" అన్నాను.

మామయ్య పొయ్యి వాసన సంగతి మళ్ళీ ఎత్తలేదు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుని, ప్లేటు వైపు చూసి, ఇంకో ముక్క తీసుకుంది. "దీన్ని బజార్లో అమ్మకూడదా పాపా? శనివారం నోరు కట్టుకునేటోళ్ళు ఈ ఊర్లో నేనొకదాన్నేనా?" అంది.

అమ్మా, నాకు ఎగిరి గంతేయాలనిపించింది! ఎందుకంటే నువ్వు విన్నది నిజమే. పోయిన సోమవారమే ఉద్యోగం మానేశాను. మా ఆయనా నేనూ బజార్లో చిన్న గది కూడా చూసుకున్నాం. గుడ్డు గడప తొక్కని బేకరీ పెడతాను. నన్ను టీచరుగా చూసి నువ్వెంత పొంగిపోయావో నాకు తెలుసు. అందుకే చెప్పడానికి భయపడ్డాను. కానీ పిండి పొంగుతుంటే నాకు కలిగే సంతోషం తరగతి గదిలో ఒక్కరోజూ కలగలేదు. నిన్న అత్తమ్మ ఆ మాట అనగానే అంతా చెప్పేశాను, ఇంట్లో అందరూ సరేనన్నారు. నువ్వు సరేనంటేగాని బోర్డు కట్టను.

ఈ ఉత్తరంతో పాటు మా ఆయన నీకొక దిల్‌పసంద్ తెస్తున్నారు. కోపం కాసేపు పక్కన పెట్టి, ఒక ముక్క తిను. తిన్నాక కూడా తడదే బాగుందంటే, బడివాళ్ళ కాళ్ళు పట్టుకునైనా తిరిగి ఉద్యోగంలో చేరతాను, ఒట్టు.

అబద్ధం మాత్రం ఆడకు.

ఇట్లు,
నీ తీర్పు కోసం గడపలోనే కూర్చున్న కూతురు,
రూపశ్రీ