ఆకుపచ్చ పొడి

2-7-68, మంగళవారం

కాపర్ కాంప్లెక్స్ బీకరు అడుగుకి దిగింది. సాలిసిలాల్డిహైడ్‌తో చేసిన షిఫ్ బేస్ అనే సమ్మేళనం పసుపు రంగులో బుద్ధిగా ఉంటుంది. అందులో కాపర్ ఎసిటేట్ పోయగానే ముదురు ఆకుపచ్చ. ఆరబెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నన్ను ఉత్త డిమాన్‌స్ట్రేటర్ అని తీసిపారేసే వాళ్ళంతా వచ్చి చూడాలి.

చీపురుపల్లి నుంచి కబురు. మా ఆవిడ చిన్నతల్లికి పుట్టింట్లో ప్రసవమైంది. ఆడపిల్ల. ఆదివారం వెళ్తాను.

5-7-68

బూజు పెంచే అగార్ ప్లేట్లు చూశాను. నల్లబూజు అంతటా కమ్మేసింది, ఉత్త షిఫ్ బేస్ పెట్టిన చోట కూడా. కాంప్లెక్స్ అద్దిన బిళ్ళ చుట్టూ మాత్రం గుండ్రటి ఖాళీ జాగా. అక్కడ ఏదీ మొలవలేదు. ఒళ్ళు పులకరించింది.

మా హెడ్ నరసింగరావు గారు చూసి, బాగుందోయ్, బూజుని చంపేది ఇంకేమేం చంపుతుందో ఎలకల మీద చూడు, అందాకా ల్యాబ్ గడప దాటనివ్వకు అన్నారు. ఎంత మంచి వార్తలోనైనా ఓ చెంచాడు చేదు కలపందే ఆయనకి తోచదు.

7-7-68, ఆదివారం

పిల్లని చూశాను. ముక్కు నాదే. చిన్నతల్లికి పాలు చాలడం లేదట. ఎండు పాలసొర చేప దొరికితే రెండు పూటలా పుట్టు కూర చేసి పెడదును, పాలు పడతాయి, ఈ ముసురులో ఎక్కడ దొరుకుతాది అని అత్తయ్య ఒకటే గొణుగుడు. మా వీధికి చేపలు తెచ్చే కూర్మమ్మకి చెబుతానన్నాను.

9-7-68

కూర్మమ్మకి చెప్పాను. దొరికితే నానే అమ్మకి అట్టుకెల్లి ఇస్తాను బాబూ, ఎలాగూ చీపురుపల్లి సంతకి ఎల్తన్నాను కదా అంది.

ఆమె గోల వేరే. తంగేడుచెక్క కషాయంలో ఎన్నిసార్లు ముంచినా వానలకి వల నూలు బూజెక్కి తెగిపోతోందట. మావోడు ఎల్లాజీ ఒల ముందర కూకుని ఏడుస్తన్నాడు, నువ్వు బూజు మందు సేసినావంట, కూసింత ఇయ్యి బాబూ అంది. కిందటిసారి వచ్చినప్పుడు గొప్పలు పోయింది నేనే.

సీసాడు పొడి ఇచ్చాను. కషాయంలో కలిపి వల ముంచమన్నాను. నీళ్ళలో కరగదు కనక సముద్రంలో కూడా నూలుని వదలదు. వల నిలబడితే నా పేపర్‌కి అదే ఫీల్డ్ ట్రయల్. ఎలకలదేముంది, తరవాత చూడొచ్చు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోమన్నాను. అంతే చెప్పాను.

17-7-68

అటెండరు నా ఫ్లాస్కులు జువాలజీ వాళ్ళ తొట్టిలో కడిగాడు. కప్పపిల్లలన్నీ చచ్చి తేలాయి. హెడ్ గారికి చెప్పలేదు. కప్పపిల్లలు వేరు, మనుషులు వేరు.

21-7-68, ఆదివారం

చీపురుపల్లి వెళ్ళలేదు. పేపర్ రాసుకోవాలి.

26-7-68, ఉదయం

కూర్మమ్మ నవ్వుతూ వచ్చింది. ఒల రాయినాగున్నాది బాబూ అంది. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆమె అక్కడితో ఆపలేదు. పాలసొర దొరికిందట. ముక్కలు కోసి ఉప్పు పెట్టింది గానీ ఎండ పొడ లేక బూజు పట్టబోయిందట. ఒలకి పట్టని బూజు సేపకి మాత్రం ఏల పడతాది అని, మిగిలిన పొడి ఉప్పులో కలిపి రుద్దేసిందట. సూడాల బాబూ, సుక్క బూజు నేదు, ఆదోరం అమ్మకి ఇచ్చీసి వచ్చినాను, డబ్బులు ముట్టుకోనేదు, నువ్వు మా ఒల నిలబెట్టినావు కదా అంది.

ఇంకెవరికైనా అమ్మావా అని అడిగాను. నేదు, అది అమ్మ కోసరమే సేసినాను అంది.

కడిగే వండి ఉంటారు. కానీ ఆ పొడి నీళ్ళలో కరగదు. ఎంత కడిగినా పోదు.

స్టేషన్

పాసింజరు లేటు. చేతులు ఊరుకోక రాస్తున్నాను. భయంగా ఉంది. తల్లి తిన్నది పాలలోకి ఎంత దిగుతుంది? నాకు తెలీదు. ఎలకల మీద చూసి ఉంటే తెలిసేది.

చీపురుపల్లి

చట్టిలో ఒకే ఒక్క ముక్క మిగిలింది. చిన్నతల్లికి రాత్రి నుంచి వాంతులు. డాక్టరు కోసం మనిషిని పంపాను.

పాలు బాగా పడ్డాయని అత్తయ్య సంబరం. పిల్ల కడుపు నిండా తాగి పొద్దుట్నుంచి ఏడుపన్నది లేకుండా పడుకున్నాది, లేపకు బాబూ అంది.

లేపాను. మళ్ళీ లేపుతున్నాను.