అప్ప నన్ను ఎళ్లనివ్వలేదు బావా

బావా,

రేపు పొద్దున్నకి తుపాను మన దగ్గరే తీరం దాటుతాదంట. పేటంతా ఖాళీ సేసి బడిలోకొచ్చాం. కెరటాలు అప్పుడే ఒడ్డు మీది ఇళ్ల గోడలకి తగుల్తన్నాయి. తిరిగెళ్లేసరికి పేట ఉంటాదో లేదో తెలీదు.

అప్పటి తుపాన్లో బోటుకి ఇంకో తాడు కట్టొత్తానని హార్బర్‌కెళ్లి నువ్వు మరి రాలేదు. బోటు మిగిలింది. ఇన్నేళ్లూ దాని మీదే నా తోడబుట్టిన అప్పనీ, నీ కూతుర్నీ సూసుకున్నాను.

సాయంత్రం హార్బర్ నుంచి ఫోనొచ్చింది. మన బోటు తాడు తెగి పక్క బోట్లకి గుద్దుకుంటందంట. నాను రెయిన్‌కోటు తొడుక్కుని లేచాను. అప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జరుగప్పా, అరగంటలో వచ్చేత్తాను."

"మీ బావ కూడా అరగంటే అన్నాడు. పోతే పోనీరా ఆ బోటు. మళ్లీ ఒడ్డంతా ఎతుక్కోడం నావల్ల కాదు."

నువ్వు పోయాక అప్ప నోట నీ మాట రావడం ఇదే మొదలు. నాను రెయిన్‌కోటు తీసేసాను. ఆవేళ ఎళ్లాల్సింది నాను. జొరమని పడుకుంటే నా బదులు నువ్వెళ్లావ్. ఆ సంగతి అప్పకి ఈరోజే సెప్పాను.

"నాకు తెల్సురా. ఆయనే సెప్పి ఎళ్లాడు," అంది.

కాసేపటికి మళ్లీ ఫోనొచ్చింది. బోటు మునిగిపోయిందంట. అప్ప ఏడవలేదు. బడిలో పంచిన పులిహోర పొట్లం విప్పి నా ముందు పెట్టి, "తిను," అంది.

ఆకలేసింది బావా. తిన్నాను.