బాబాయి లైట్‌హౌస్

నవంబర్ 9, ఆదివారం

బాబాయికి కాబోయే భార్య మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. కాఫీల దాకా అంతా బాగానే నడిచింది. అప్పుడు అత్త లైట్‌హౌస్ కథ ఎత్తుకుంది. చిన్నప్పుడు ఇంటి వెనకాల కొండెక్కి లైట్‌హౌస్ చూశానని బాబాయి చెప్పాడట. సముద్రమెక్కడ, మేమెక్కడ! అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు కోతలు కోసినా, ఇదిగో ఇంకో లైట్‌హౌస్ అంటారు.

కాబోయే పిన్ని నవ్వలేదు. అయితే వచ్చే ఆదివారం అందరం ఎక్కి చూద్దామండీ అంది.

బాబాయి కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

అదే రోజు, రాత్రి 9

బాబాయి నా గది తలుపు తట్టాడు. మీ యూనివర్సిటీ లైబ్రరీలో మ్యాపులుంటాయటగా, కొండమీంచి కనిపిస్తుందో లేదో ముందే కాస్త చూసిపెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది అన్నాడు. చూసినవాడివి నువ్వేగా బాబాయ్ అన్నాను. అప్పటి కళ్లు వేరే, ఇప్పటి కళ్లు వేరే అన్నాడు.

నవంబర్ 10

మ్యాప్ రూమ్ బేస్‌మెంట్‌లో ఉంది. కౌంటర్ దగ్గర ఎవరో ఉన్నారు. వచ్చేశాను.

నవంబర్ 11

ఎవరూ లేరు. అయినా వచ్చేశాను.

నవంబర్ 12

అడిగాను! ఎక్స్‌క్యూజ్ మీ అని మూడుసార్లు అంటే మూడోది బయటికి వినిపించింది. మ్యాప్ రూమ్ మేడమ్‌ది గదంతా నిండే గొంతు. లైట్‌హౌసా, ఎవరికమ్మా అంటూ కథంతా చెప్పించుకుంది. ఊరి పేరుతో వెతికితే షీట్ దొరకదట. గోడమీది ఇండెక్స్‌లో మన గడి నంబరు చూసుకుని, ఆ నంబరు సొరుగు లాగాలి. మా కొండ ఒక షీట్‌లో ఉంది, లైట్‌హౌస్ పక్క షీట్‌లో. రెండూ అంచులు కలిపి పరిచి, చేతులు కడుక్కున్నావా అని అడిగింది. ఎల్‌కేజీలో ఉన్నట్టు చేతులు చాపి చూపించాను.

ఎత్తులు చూపించే కాంటూర్ గీతలు లెక్కపెట్టాను. మా కొండ ఎత్తు 210. మధ్యలో అడ్డంగా, పక్క షీట్‌లో ఒక గుట్ట, 480. ఇక కనిపించే ప్రశ్నే లేదు.

బాబాయికి చెప్పాను. ఆదివారం తనకి జ్వరం రాబోతోందన్నాడు.

నవంబర్ 14, సాయంత్రం

మేడమీద ఆరిన బట్టలు తీస్తున్నాను. దూరంగా ఆ గుట్ట. మా కొండ భుజం దాకా కూడా రాదు. దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మరి 480 ఎక్కడిది?

నవంబర్ 15

లైబ్రరీ తెరవకముందే గుమ్మంలో ఉన్నాను. ఈసారి ఒక్క ఎక్స్‌క్యూజ్ మీ సరిపోయింది. షీట్ల అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. మా షీట్ కొత్తది, ఎత్తులు మీటర్లలో. పక్క షీట్ పాతది, అడుగుల్లో! 480 అడుగులంటే 146 మీటర్లే. గ్రాఫ్ పేపర్ మీద కొండ, గుట్ట, లైట్‌హౌస్ గీసి స్కేలు ఆనించాను. గీత గుట్ట నెత్తిమీంచి దాటిపోయింది.

లైబ్రరీలో యెస్ అని అరిచాను. నేను!

మేడమ్ తలెత్తి, మీ బాబాయి గండం గడిచిందా అంది.

బాబాయికి జ్వరం తగ్గింది.

నవంబర్ 16, ఆదివారం

కనిపించింది. తెల్లగా, సుద్దముక్కంత. ముందు కాబోయే పిన్ని చూసింది. అత్త కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. బాబాయి నా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వంగి నా చెవిలో అన్నాడు, ఒసేయ్, నిజంగానే ఉందే!