బోయిగూడ డిపోలో పడవ విషయమై జగదాంబ రాయించినది

సికింద్రాబాదు రాంగోపాల్‌పేట్‌లో కాపురముంటూ టార్పాలిన్లు, తెరచాపలు కుట్టే దుకాణం నడుపుకుంటున్న, కీర్తిశేషులు ధర్మరాజు గారి భార్య జగదాంబ, వయసు డెబ్భై మూడు, అను నేను, నా తెలివి నాలో ఉండగానే, ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా మరిది దుర్గేష్ ఏడాదిగా పేటంతా తిరిగి వదినకు మతి చలించిందని చెబుతున్నాడు. అందుకని మొన్న సోమవారం డాక్టరు సుమిత్ర గారి దగ్గర కూర్చుని, అడిగినవన్నీ చెప్పి, అడగని పదిహేడో ఎక్కం కూడా కింది నుంచి పైకి అప్పజెప్పి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. దాన్ని దీనికి జతపరిచాను. దుర్గేష్‌ను కూడా ఎవరైనా ఆ పరీక్షకు పంపితే మంచిది.

1. రెండు వేల పంతొమ్మిదిలో నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నా సర్వస్వం దుర్గేష్‌కు రాశాను. మాకు పిల్లలు లేరు, మరిదే కొడుకు అనుకున్నాను. దాని నకలు వాడి బీరువాలో భద్రంగా ఉందని నాకు తెలుసు. ఇప్పుడు దాన్ని పొయ్యిలో పెట్టుకోవచ్చు.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా పక్కింటి అనసూయమ్మ గారికి అప్పగిస్తున్నాను. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తే దుర్గేష్ ఇప్పటికీ చేతులు కట్టుకుంటాడు.

3. "కాంతమణి" అను పేరుగల పంతొమ్మిది అడుగుల తెరచాప పడవ, దాని తెరచాప కొయ్య, చుక్కాని, మూడు తెరచాపలు, ఇనుప ట్రాలీ సహా, దుర్గేష్ కూతురు నీహారికకు చెందవలెను. కాంతమణి మా అత్తగారి పేరు. ఆవిడ నోటికి కాకినాడ రేవంతా భయపడేది, అందుకే పడవకు ఆ పేరు పెట్టానని మా ఆయన అనేవారు. ఏటా సంక్రాంతి దాటాక ఆయనా నేనూ కాకినాడ నుంచి మచిలీపట్నం దాకా దాన్లో వెళ్లి, ఫాల్గుణంలో తిరిగొచ్చి, పడవను ట్రాలీ మీద కట్టుకుని సికింద్రాబాదు తెచ్చేవాళ్లం. ఉప్పుగాలి తగలని చోట ఉంటే ఇనుము బతుకుతుంది, చాపలు నా దుకాణంలోనే బాగుచేసుకోవచ్చు. బోయిగూడలో విజయేందర్ కలప డిపో షెడ్డు వెనక భాగంలో దాన్ని పెట్టేవాళ్లం. సముద్రం లేని ఊళ్లో పడవేమిటని మొదటి ఏడు అందరూ నవ్వారు. రెండో ఏడు పిల్లల్ని తీసుకొచ్చి ఫోటోలు దిగారు.

నీహారికా, పడవను తొమ్మిది నెలలు నిద్రపుచ్చడం ఎలాగో ఇక్కడే రాయిస్తున్నాను, మళ్లీ నన్ను అడగలేవు. మంచినీళ్లతో మూడుసార్లు కడుగు. మూడోసారి కడిగిన నీళ్లు నాలుక మీద వేసుకుని చూడు, ఉప్పు తగిలితే నాలుగోసారి కడుగు. చాపల్ని నీడలో ఆరబెట్టి చుట్ట చుట్టు, మడత పెట్టకు. మడతపెట్టిన చోటే చిరుగుతుంది. కొయ్య దించి తాళ్ల బిగువు వదులు చెయ్యి. అడుగున ఉన్న బిరడా తీసి చుక్కాని పిడికి కట్టు, ముక్కు భాగం కాస్త ఎత్తి ఉంచు, పడిన నీరు దానంతటదే పోతుంది. లోపలి మూతలన్నీ తెరిచిపెట్టు. మీ నాన్నలా ప్లాస్టిక్ పట్టాతో గాలాడకుండా కప్పకు, లోపల చెమటపట్టి కుళ్లిపోతుంది. నేను కుట్టిన గుడ్డ టార్పాలిన్ వెయ్యి, అంచులు ఎత్తి కట్టు. అన్నిటికంటే ముఖ్యంగా, ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా టేకు అడ్డుచెక్కలు పెట్టి సుత్తితో బిగించు. డిపో నేల గేటు వైపు వాలుగా ఉంటుంది. ఆ చెక్కలు ఏ దేవుడి కోసమూ తియ్యకు. నిమ్మకాయలుంటే పులిహోర చేసుకో.

4. ఇప్పుడు రాయించేది ఆస్తి కాదు. అయినా దీన్ని ఎవరూ తీసెయ్యకూడదు, ఈ కాగితాలకు ప్రాణం ఇదే.

రెండు వేల పదిహేడు దసరా ఆయుధపూజనాడు నేను దుకాణంలో కుట్టుమిషన్లకు బొట్లు పెడుతున్నాను. మా ఆయన, దుర్గేష్, నీహారిక పడవకు పూజ చేస్తామని డిపోకు వెళ్లారు. పడవను కాపాడే పని డిపో వడ్రంగి జంగయ్యది. మా ఆయనే దగ్గరుండి నేర్పారు, చివరికి ఆయనకంటే జంగయ్యకే బాగా వచ్చింది. కొబ్బరికాయలు చాల్లేదని దుర్గేష్ అతన్ని బజారుకు పంపాడు. మా ఆయన పడవ వెనక్కి, గేటు వైపుకు వెళ్లి చుక్కానికి పూలదండ కడుతున్నారు. అప్పుడు ట్రాలీ వెనక్కి దొర్లింది. ఆయన్ను గేటు స్తంభానికి అదిమేసింది. నడుము విరిగింది. పద్నాలుగు నెలలు మంచం మీద ఉండి, సముద్రం మళ్లీ చూడకుండా పోయారు.

జంగయ్య చెక్కలు పెట్టడం మర్చిపోయాడని దుర్గేష్ చెప్పాడు. ఆసుపత్రి వరండాలో జంగయ్య నా కాళ్ల దగ్గర కూర్చుని ఒకే మాట అన్నాడు: "అమ్మా, నేను చెక్కలు పెట్టే పోయిన. రెండు చక్రాలకు పెట్టిన." నేను నమ్మలేదు. మళ్లీ నా గుమ్మం తొక్కితే పోలీసులకు పట్టిస్తానన్నాను. విజయేందర్‌కు ఫిర్యాదు రాసిచ్చాను. అతను ఒక్క ప్రశ్న అడక్కుండా ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని ఆ సాయంత్రమే పంపేశాడు. మా ఆయన జంగయ్యను తిట్టుకుంటూ కన్నుమూశారు. కన్నబిడ్డలా చూసుకున్నవాడు కొంప ముంచాడన్నదే ఆయన ఆఖరి బాధ. ఆ బాధ అబద్ధం. ఆయనకు ఆ సంగతి ఇప్పుడు ఎవరు చెప్తారు?

పోయినేడు నీహారిక తన పాత ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆనాటి పూజ వీడియో ఉంది, నలభై ఒక్క సెకన్లు. దుర్గేష్ చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాడు. కారుకూ లారీకీ చేసినట్టే, పడవను కూడా వాటి మీదుగా నడిపించాలట. "ఈ చెక్కలుంటే నిమ్మకాయ ఎలా నలుగుతుంది?" అంటూ కాలితో అడ్డుచెక్కల్ని ఒక్కొక్కటీ తన్నేశాడు. ట్రాలీ కదిలింది. ఆ తర్వాత ఫోను కింద పడింది. అప్పుడు నీహారికకు పదిహేనేళ్లు. చెబితే పెదనాన్న ప్రాణం మీదికి వస్తుందని వాళ్ల నాన్న నోరు నొక్కాడు. అమ్మా, నీ మీద నాకు కోపం లేదని రాయిస్తే అది అబద్ధమవుతుంది. కానీ నువ్వు వచ్చి చెప్పావు, నీ కన్నతండ్రి మీదే చెప్పావు. అందుకే పడవ నీది.

దుర్గేష్, నువ్వు చెక్కలు తన్నడం పొరపాటే. పండగపూట ఎవరైనా చేస్తారు. ఆ ముక్క ఆనాడే చెప్పి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దావు. మీ అన్న మంచానికి ఆ పక్క కూర్చుని, ఆయనతో కలిసి జంగయ్యను తిట్టావు. నేను నీకు కాఫీ ఇచ్చాను. నువ్వు చేసినదాన్ని నేను క్షమించను, చచ్చాక కూడా.

5. రాంగోపాల్‌పేట్‌లోని నా స్వార్జితమైన ఇంటి కింది భాగం, దుకాణం, మిషన్లు, సరుకు, ముప్పై ఏళ్లుగా నా దగ్గర చాపలు కత్తిరిస్తున్న లూకాకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. నా ఇత్తడి వేలితొడుగు, తెరచాప సూదుల డబ్బా కూడా అతనికే. లూకా, మోటు సూదిని నూనె గుడ్డలో ఉంచు, నీకు బద్ధకం.

6. ఇప్పుడు దుర్గేష్ అద్దె లేకుండా ఉంటున్న పై భాగం దుర్గేష్‌కే చెందగలదు. షరతు ఒక్కటే. నేను పోయాక వచ్చే మొదటి దసరానాడు వాడు బోయిగూడ డిపో గేటు దగ్గర, విజయేందర్, పనివాళ్లు, జంగయ్య, మా బంధువులు అందరి ముందూ నిలబడి, పై నాలుగో అంశాన్ని మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి. మధ్యలో నసగకూడదు. కళ్లజోడు మర్చిపోయానంటే అనసూయమ్మ గారు ఇంకో జత తెస్తారు. చదవని పక్షంలో నెల తిరక్కుండా ఖాళీ చేయవలెను, అప్పుడు పై భాగం కూడా లూకాది. ఇంతేకాక, టేకు అడ్డుచెక్కలు నాలుగూ దుర్గేష్‌కు వేరుగా ఇస్తున్నాను. అమ్ముకున్నా పొయ్యిలో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. నీహారిక కొత్తవి చేయించుకోవాలి.

7. విజయేందర్‌కు ఏమీ లేదు. నా పెద్దకర్మకు కూడా పిలవొద్దు. మావిడల్లం పచ్చడి జాడీ, రుబ్బురోలు అనసూయమ్మ గారికి. మా ఆయన కళ్లజోడు, ఆయన నావ నడిపేటప్పుడు కట్టుకునే నీలం తువ్వాలు నాతోపాటు పెట్టండి.

8. జంగయ్య విషయం. నిజం తెలిశాక అనసూయమ్మ గారిని వెంటబెట్టుకుని బేగంపేటలో అతను వాచ్‌మన్‌గా చేస్తున్న అపార్టుమెంటుకు వెళ్లాను. గేటు దగ్గరే చేతులు జోడించాను. అతను నా చేతులు దించి, తన కుర్చీ నాకిచ్చి, నీళ్లు తెచ్చాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంటి పై భాగం నీకే రాస్తానన్నాను. ఆలోచించుకుని చెప్తానన్నాడు.

వారం తర్వాత వకీలు కిషన్ గారి దగ్గర జంగయ్య, అనసూయమ్మ గారు, నేను కూర్చున్నాం. వీలునామాలో ఆస్తి పొందేవాడు దానికి సాక్షిగా సంతకం పెడితే రేపు గొడవలొస్తాయి, పెట్టకపోవడమే మంచిదని వకీలుగారు మాటల్లో అన్నారు. సాక్షి అంటే ఏంది, ఏం చేస్తడని జంగయ్య అడిగాడు. ఎవరైనా వీలునామా చెల్లదని దావా వేస్తే, సాక్షిని కోర్టుకు పిలిపించి, ప్రమాణం చేయించి, అతని మాట విని రాసుకుంటారని వకీలుగారు చెప్పారు. జంగయ్య ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇల్లొద్దమ్మా. నేను సాక్షి సంతకం పెడ్తా. ఎనిమిదేండ్ల సంది నా మాట ఎవ్వరు ఇనలే. నన్ను పిలిచి అడగాలె."

రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటున్న మనిషి అన్న మాట అది. నేను ఎంత చెప్పినా వినలేదు. అందుచేత ఈ వీలునామాలో జంగయ్యకు ఒక గజం నేల గాని, ఒక గుడ్డముక్క గాని రాయలేదు. అతని ఇంటివాళ్లకు ఏం చెయ్యాలో నేను బతికుండగానే చేస్తాను, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దుర్గేష్, నువ్వు దావా వేస్తావని నాకు తెలుసు. వెయ్యి. పెద్ద వకీలును పెట్టుకో. ఆ రోజు నీ ఎదురుగా బోనులోకి ఎక్కేది జంగయ్యే. ఈ వీలునామా నిలబడాలో లేదో చెప్పాల్సింది అతనే. నువ్వు గేటు దగ్గర నిలబడి చదివినా సరే, కోర్టులో కూర్చుని విన్నా సరే. నాకు రెండూ ఇష్టమే.

9. ఇందులోని ప్రతి మాటా నేను చెప్పగా రాసినదే. చదివించుకుని విన్నాను. రెండు చోట్ల తిట్లు తీసేద్దామని కిషన్ గారు అన్నారు, నేను ఒప్పుకోలేదు. నా తదనంతరం ఇది అమల్లోకి రావలెను. సాక్షులు సంతకంతోపాటు ఇంకేమీ రాయనక్కర్లేదని వకీలుగారు అంటే, జంగయ్య రాసుకుంటానన్నది రాసుకోనివ్వండని చెప్పాను.

సికింద్రాబాదు
తేదీ: 12 నవంబరు 2025
(సంతకం) జగదాంబ

సాక్షులు:

1. డాక్టరు సుమిత్ర, రాంగోపాల్‌పేట్. జగదాంబ గారు నా సమక్షంలో, పూర్తి స్పృహతో సంతకం చేశారు.

2. జంగయ్య, వడ్రంగి, బోయిగూడ. అమ్మ నా ముందట సంతకం చేసింది, నేను చూసిన. ఆ దినం చెక్కలు నేను పెట్టే పోయిన.