హాల్లో తిట్టి, వంటింట్లో సారీ

మంగళవారం, పులివెందుల.

మా హోటల్ వంటమాస్టర్ మస్తానన్న రంజాన్ ఒక్కపొద్దులు ఉంటున్నాడు. అందుకే ఈ నెలంతా వంట రుచి చూడాల్సింది మేనేజర్‌నైన నేనే. పొద్దున ఫోన్‌లో పడి ఆ సంగతే మరిచిపోయాను.

టిఫిన్‌కు పెట్టిన బొరుగుల ఉగ్గాని ఉప్పు కషాయమని నలుగురు ప్లేట్లు తోసేశారు. మస్తానన్నను నిండు హాల్లోకి పిలిచి, అందరూ వినేలా అరిచాను. "ఉప్పు ఎంతెయ్యాల్నో గూడా తెలీదా అన్నా నీకు?" ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత చూస్తే నీళ్లే ఉప్పు. మా బోరు ఎండిందని నిన్న ఆ నీళ్ల ట్యాంకర్ తెప్పించిందీ నేనే. ఆ నీళ్లలో నానిన బొరుగులకు ఆయన రోజూ వేసే ఉప్పే వేశాడు, అంతే.

మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లి, "సారీ అన్నా, తప్పు నాదే" అన్నాను. ఆయన ఉల్లిగడ్డలు తరుగుతూనే అన్నాడు, "తిట్టింది ఆడ. ఈడకొచ్చి మెల్లగా చెప్తాండావేందప్పా?"



రేపు పొద్దున ఓనర్ కూడా వస్తాడు. ట్యాంకర్ సంగతి ఆయనకింకా తెలియదు. తెలిస్తే నన్ను ఏమంటాడో... అననీ. ముందు ఉగ్గాని రుచి చూస్తాను. హాలు నిండాక, తప్పు నాదని చెప్తాను. ఇవాళ అరిచినంత గట్టిగా.